భూదేవమ్మ పాయింటు

రాగి కడ్డీలు రెండూ మెల్లగా దగ్గరికి జరిగి ఒకదానిమీద ఒకటి వాలాయి. శేషసాయి ఊపిరి బిగబట్టాడు. ఆన్‌లైన్లో తెప్పించుకున్న ఈ వారం రోజుల్లో అవి కదలడం ఇదే మొదలు. చెప్పు మడమతో అక్కడ గుర్తు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఎండిన మామిడాకులు పక్కకు నెట్టాడు.

"ఆడ డ్రిప్పు పైపు ఉండాది సార్," అంది వెనకనుంచి ఒక గొంతు. "పగలగొడితే మా నాయన ఊరుకోడు."

తిరిగి చూశాడు. చుడీదార్ మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్న అమ్మాయి. పాతికేళ్లుంటాయి. ఫోను నిలువుగా ఎత్తి పట్టుకుని ఉంది. ఆమె తనను వీడియో తీస్తోందని అర్థం కావడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

"ఈ తోట మీదా అండీ?"

"కాదు, మీదే. మా తాత తెలీక కొనుక్కున్నాడు."

శేషసాయి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఏం చెప్పినా తప్పే అయ్యేట్టు కనిపించింది.

"నిధులోళ్లు ఇంతకుముందు మూడుసార్లు వచ్చినారు," అందామె ఫోను దించకుండా. "అందరూ చీకట్లో వచ్చి చీకట్లో పోయినారు. మీరు పొద్దన్నే ఏడున్నరకు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గేటు తీసుకుని మళ్లీ మూసి మరీ వచ్చినారు. ఇంత మర్యాదైన దొంగని నేను సూడలా."

"నేను దొంగని కాదండీ. తిరుపతిలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ఫిజిక్స్ చెప్తాను."

"ఫిజిక్సులో ఇది ఎన్నో చాప్టర్ సార్?"

ఏ చాప్టరూ కాదు. ఆ సంగతి శేషసాయికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరైనా విద్యార్థి అడిగితే, కడ్డీలు వాటంతటవి కదలవు, పట్టుకున్నవాడి చేతులే తెలియకుండా కదుపుతాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిన మనిషి. అలాంటివాడు ఎండాకాలం సెలవుల్లో బస్సెక్కి పూతలపట్టులో దిగి, షేర్ ఆటోలో ఈతమాకులపల్లె చేరి, ఊరివాళ్ల తోటలో కడ్డీలు పట్టుకుని తిరుగుతున్నాడంటే వేరే దారులన్నీ మూసుకుపోయి ఉండాలి. నిజంగానే మూసుకుపోయాయి.

"పదండి," అందామె. "మీ చాప్టరేదో మా నాయనకు చెప్పుకుందురు."

తోట చివర ఇంటి ముందు రేకుల కింద గోవిందు కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పోయింది. అంతకుముందు నలభై ఏళ్లు ఆ చేత్తోనే కడ్డీలు పట్టి, చుట్టుపక్కల ఊళ్లలో బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో పాయింటు పెట్టాడు. ఇప్పుడు ఆ పని కూతురు మహిత చేస్తోంది.

"యెవరి బిడ్డవప్పా నువ్వు?" అని అడిగాడు గోవిందు.

"శ్రీకృష్ణమాచార్యుల మనవణ్ణి. ఈ ఊరి వరదరాజస్వామి గుడిలో ఒకప్పటి అర్చకులు."

"విగ్రహం అమ్ముకుని పాయినాడే, ఆ అయ్యవారా?" అంది మహిత.

అనేసింది కానీ, ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూశాక ఆమె నాలుక కరుచుకుంది. పుట్టినప్పటినుంచీ ఊళ్లో వింటున్న మాట అది. దానికి ఒక మనవడు ఉంటాడని, అతను ఇంటి ముందు నిలబడి వింటాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చేతిలోని ఫోను జేబులో పెట్టేసింది.

శేషసాయి కోప్పడలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి గోవిందు ఎడమచేతికి ఇచ్చాడు. గుడి మహాసంప్రోక్షణ కరపత్రం. మహిత వంగి చదివింది. స్థల చరిత్ర అన్న చోట ఒక వాక్యానికి కింద పెన్సిల్ గీత ఉంది. 'నాటి అర్చకుడు భూదేవి అమ్మవారి పంచలోహ విగ్రహాన్ని అపహరించగా, యాభై ఒక్క సంవత్సరాలుగా స్వామివారు శ్రీదేవి సమేతులై మాత్రమే దర్శనమిస్తున్నారు.'

"ఇది మా అవ్వకు ఎవరో పంపించారు," అన్నాడు శేషసాయి. "భూతద్దం పెట్టుకుని చదివింది. గీత ఆమే గీసింది. ఆ పూట అన్నం తినలేదు."

గోవిందు కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ రోజుల్లో ఈ పక్క గుళ్లలో వరసగా విగ్రహాలు పోతున్నాయట. భయపడి మా తాత భూదేవిని దాచాడు. దాచానని అవ్వతో చెప్పాడు. ఎక్కడో చెప్పేలోపల, అదే రోజు సాయంత్రం, మాట పడిపోయింది. నాలుగు రోజులు బతికాడు. ఊరంతా వచ్చి మంచం చుట్టూ నిలబడి ఎక్కడ అమ్మావని అడిగారట. ఆయన చెయ్యి ఎత్తబోవడం, పడిపోవడం. అంతే. మా నాయనకు అప్పుడు ఏడేళ్లు. అవ్వ ఆయన్ని తీసుకుని తిరుపతి పోయింది. మళ్లీ ఈ ఊళ్లో కాలు పెట్టలేదు."

"ఇప్పుడు కొత్త విగ్రహం చేయించినారు కదా సార్," అంది మహిత. ఆమె గొంతులో వెటకారం పోయింది.

"ఇవాళ్టినుంచి పదకొండో రోజున దానికి కళ్లు తెరుస్తారు. తెరిచాక ఆమే భూదేవి. పాతది దొరికినా ఇక మ్యూజియంకే. అదే రోజు ఈ స్థల చరిత్రని రాతి మీద చెక్కించి గుడిముందు నిలబెడుతున్నారు. కరపత్రం ఎవరో చింపేస్తారు. రాయిని ఎవరు చింపుతారండీ?"

గోవిందు కరపత్రం తిరిగిచ్చాడు. తర్వాత, "మీ గుడి పూలతోట, మీ తాత వాళ్ల ఇల్లు, అన్నీ ఇప్పుడు మా తోటలోనే కలిసిపోయినాయి," అన్నాడు. "మా నాయన వేలంలో కొన్నాడు. ఆయన కొనేసరికి ఈడ మొండిగోడలే. డోజరు పెట్టి సదును చేసి మామిడి నాటినాడు. అయిదెకరాలు. యాడని ఎతుకుతావు?"

"అందుకే వీటిని తెచ్చాను." శేషసాయి కడ్డీలు చూపించాడు, కొంచెం సిగ్గుగా. "కానీ నాకు చేతకావడం లేదు. మీ అమ్మాయి మహిత గారికి వచ్చని ఆటోలో విన్నాను."

"రాదు," అంది మహిత వెంటనే. "వచ్చినా చెయ్యను. నీళ్లు చూసేవాళ్లకు ఒక కట్టు ఉండాది సార్. నిధి జోలికి పోకూడదు. నిధులు చూస్తాదని ఒకసారి పేరొస్తే రేపటినుంచి ఏ రైతూ తన పొలంలోకి రానియ్యడు, పోలీసులు మాత్రం వస్తారు. ఆడపిల్ల పాయింటు పెడతాదంటేనే మొదట్లో నవ్వినారు. ముప్పై ఒక్కటి పెట్టినా ఇంతవరకు. ఇరవై నాలుగుట్లో నీళ్లు పడినాయి."

"మిగతా ఏడు?"

"జనం మాట్లాడేది ఆ ఏడింటి గురించే. ఇంకోటి చేర్చమంటారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దండీ. నన్ను మాత్రం తిరగనివ్వండి. పదకొండు రోజులు."

మహిత తండ్రి వైపు చూసింది. గోవిందు కళ్లతోనే సరేనన్నాడు. "తిరగండి. పైపులు తొక్కబాకండి," అని ఆమె లోపలికి పోయింది.

మర్నాడు ఏడున్నరకు శేషసాయి మళ్లీ గేటు తీశాడు. మూడో రోజూ అంతే. తోటనంతా గ్రాఫు కాగితం మీద గళ్లుగా గీసుకుని, ఒక్కో గడి నడిచి, నడిచిన గడికి ఇంటూ కొట్టుకుంటూ పోయాడు. కడ్డీలు పైపు దగ్గర వాలేవి, గట్టు దగ్గర వాలేవి, ఒక్కోసారి గాలికే వాలేవి. మహిత పంపుసెట్టు దగ్గర పనున్నట్టు నటిస్తూ చూసేది. రెండో రోజు నవ్వింది. మూడో రోజు సగం నవ్వింది. నాలుగో రోజు సత్తు చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"ఎవరు నేర్పించినారు మీకు ఈ పట్టు? కారు స్టీరింగు పట్టినట్టు పడితే అవి యాడికి పోతాయి?" అని చెంబు కిందపెట్టి, అతని మోచేతులు రెండూ పట్టుకుని నడుముకు ఆనించింది. "వేళ్లు వదులుగా. కోడిపిల్లని పట్టుకున్నట్టు. ఇప్పుడు నడవండి."

అతను నడిచాడు. ఆమె ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ అతని చేతుల్నే చూస్తోంది. అయిదడుగులు పోయారో లేదో, కడ్డీలు రెండూ వచ్చి వాలిపోయాయి.

"నా కాళ్లకు పట్టీలుండాయి. వెండికేమో," అంది మహిత, పక్కకు జరుగుతూ.

"వెండికి కదలవని ప్యాకెట్టు మీద రాశారే."

"అయితే మీ చేతులు వణికినాయి."

"అది ఫిజిక్సులో ఉంది," అన్నాడు శేషసాయి చాలా గంభీరంగా.

మహిత చెంబు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. మోటారు షెడ్డు వెనక్కి పోయాక నవ్విన నవ్వు మాత్రం అతనికి వినిపించింది. ఆ రోజు మిగతా గళ్లన్నీ అతను ఎట్లా నడిచాడో, ఏ గడికి ఇంటూ కొట్టాడో దేవుడికే తెలియాలి.

ఆరో రోజుకు అయిదెకరాలూ అయిపోయాయి. కాగితం నిండా ఇంటూలే. మధ్యాహ్నం రెండింటికి ఉన్నట్టుండి మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచి, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. పచ్చి తోతాపురి కాయలు టపటపా రాలుతుంటే ఇద్దరూ పరుగెత్తి మోటారు షెడ్డులో దూరారు. షెడ్డు ఒక మనిషికి, ఒక స్టార్టరు పెట్టెకు సరిపోయేంత ఉంది. స్టార్టరును జరపడానికి వీల్లేదు కాబట్టి వాళ్లే సర్దుకున్నారు.

ఆమె జడ చివర్నుంచి నీళ్లు కారుతున్నాయి. చూడకూడదని అతను వాన వైపు చూశాడు. వాన వైపు చూస్తున్న మనిషిని చూడొచ్చు కదా అని ఆమె అతన్ని చూసింది. అతని చేతిలో గ్రాఫు కాగితం తడిసి మెత్తబడిపోయి ఉంది.

"ఇక రారా?" అని అడిగింది.

"మళ్లీ మొదటి గడి నుంచి మొదలుపెడతాను."

"అయిదు రోజులే ఉండాయి."

"అందుకే రేపు ఆరింటి బస్సుకు వస్తాను."

మహితకు ఆ మొండితనం నచ్చింది. ఎంత నచ్చిందో లోపల ఒప్పుకోవడానికి కొంచెం భయమేసింది కూడా. ఆమె కాసేపు రేకు మీద వాన చప్పుడు విని, "ఒక మాట అడుగుతా," అంది. "ఊళ్లో అందరూ దొంగ యాడ దాస్తాడా అని ఆలోచించినారు. మీరూ అట్లనే తిరగతా ఉండారు. మీ తాత దొంగ కాదు గదా. పూజ చేసే అయ్యవారు. తన చేత్తో రోజూ నీళ్లు పోసి, చీర కట్టిన అమ్మవారిని ఆయన మట్టిలో పూడుస్తాడా?"

శేషసాయి ఆమె వైపు తిరిగాడు. ఈ ప్రశ్న తనకు ఎందుకు తట్టలేదని అతనికి సిగ్గేసింది. ఫోను తీసి అవ్వకు చేశాడు, స్పీకరు పెట్టాడు.

"అవ్వా, తాత భూదేవిని దాచాను అని చెప్పిన పొద్దు, ఆయన ఎట్లా ఉన్నాడు? బట్టలకు మట్టి అంటిందా?"

వానలో అవ్వ సుందరవల్లి గొంతు సన్నగా వచ్చింది. "మట్టి ఎందుకుంటుందిరా. తడిబట్టలతో వచ్చాడు. రోజూ తడిబట్టలతోనే కదా గుడికి పోయేది. మడి."

"రోజూ ఎన్నిసార్లు స్నానం?"

"ఒకసారే. తెల్లవారుజామున." అని ఆగింది. "ఆ రోజు మాత్రం పూజ అయి వచ్చాక మళ్లీ తడిసి ఉన్నాడు. పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి. చలిజ్వరం వస్తుందని కసిరాను. నవ్వాడు. ఆ నవ్వే ఆఖరు."

శేషసాయి ఫోను పెట్టేశాడు. తడిసిన గ్రాఫు కాగితాన్ని మడిచేశాడు.

"విగ్రహాన్ని ప్రతిష్ఠించేముందు నీళ్లలో పడుకోబెడతారు," అన్నాడు మెల్లగా. "జలాధివాసం అంటారు. నీళ్లలో ఉంచితే అది దాచడం కాదు, అమ్మవారికి అపచారం కాదు. పైగా ఈమె భూదేవి. వరాహస్వామి ఆమెను ఎత్తింది సముద్రంలోంచి. నేను ఆరు రోజులుగా మట్టిలో వెతుకుతున్నాను, మహితా."

పేరు పక్కన 'గారు' ఎగిరిపోయిందని ఇద్దరూ గమనించారు.

"పూలతోట ఉంటే బాయి ఉండాల," అంది మహిత. "మా నాయన చెప్తాడు, మా తాత కొనేసరికే అది కూలి పూడిపోయి ఉన్నిందంట. దాని మీదనే డోజరు తోలినారు. యాడ ఉన్నిందో ఎవరికీ గుర్తు లేదు." చున్నీ నడుముకు బిగించింది. "బాయంటే నీళ్లు. నీళ్లయితే నా పని. నేను నిధి సూడను సార్. బాయి సూస్తా."

వాన వెలిసీ వెలియకముందే మహిత తన తండ్రి వాడిన కడ్డీలు తీసుకుని తోటలోకి దిగింది. శేషసాయి పక్కనే నడిచాడు. కాసేపటికి అతనికి ఒకటి తెలిసింది. ఆమె కడ్డీల వైపు చూడనే లేదు. వాన నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తోంది, ఎక్కడ ఇంకిపోతున్నాయో చూస్తోంది, చెట్ల మొదళ్లు చూస్తోంది. పదకొండో వరసలో రెండు చెట్లు, నాటిన నాటినుంచీ భూమి మెల్లగా కుంగుతూ వచ్చినట్టు, ఒకదానివైపు ఒకటి ఒరిగి ఉన్నాయి. మిగతా చోట్ల నీళ్లు మడుగు కట్టి ఉంటే వాటి మధ్య నేల అప్పుడే తాగేసింది. ఆమె అక్కడికి పోయింది. కడ్డీలు వాలాయి. అవతలి పక్కనుంచి వచ్చింది. అక్కడే వాలాయి.

"అవి చెప్పాయా, మీరు చెప్పారా?" అని అడిగాడు ఫిజిక్స్ లెక్చరర్.

"నేనే వాటికి చెప్పినా. అయితే అవి చేతిలో లేకపోతే రైతు నన్ను నమ్మడు. నేనూ నన్ను నమ్మను." అని చెప్పుతో గీత గీసింది. "ముప్పై రెండోది."

ఆ రెండు చెట్లూ తీస్తేగాని తవ్వడం కుదరదు. కాపుతో ఉన్న చెట్లు, నెలలో కోతకొస్తాయి. శేషసాయి ఆ మాట గోవిందుకు ఎట్లా చెప్పాలో తెలియక నీళ్లు నమిలాడు. గోవిందు మాత్రం కూతుర్ని ఒక్కటే అడిగాడు.

"పాయింటు నీదేనా?"

"నాదే నాయనా."

"అయితే తియ్యండి."

తవ్వడం మాత్రం దొంగతనంగా జరగకూడదని మహిత పట్టుబట్టింది. అర్జీ రాసి, తండ్రి చేత ఎడమచేతి వేలిముద్ర వేయించి, శేషసాయిని వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు కూర్చుంది. ఆఖరికి కాగితం వచ్చింది. వీఆర్వో సమక్షంలో, పట్టపగలు, రెండే రోజులు తవ్వాలి. రెండో రోజు సాయంత్రం అయిదింటికి గుంత పూడ్చేయాలి. ఆ మర్నాడే కొత్త విగ్రహానికి కళ్లు తెరిచేది.

జేసీబీ వచ్చేసరికి ఊరు ఊరంతా తోటలో ఉంది. గుడి కమిటీ పెద్ద వెంకటముని కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. ఆ కరపత్రం రాయించింది ఆయనే.

"తాత తీసుకుపోయింది మనవడు తెచ్చి గుంతలో పెట్టి తీస్తాడేమో. ముందు ఆ సంచి సూడండప్పా," అన్నాడు.

"సూడండి," అని మహిత శేషసాయి భుజానున్న సంచి తీసి ఆయన ముందు బోర్లించింది. గ్రాఫు కాగితాలు, పెన్సిలు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా పడ్డాయి. "ఇంకేమైనా సూడాల్నా పెద్దాయనా? గుంత నా పాయింటు. అనేది ఏదైనా ఉంటే నన్ను అనండి."

వెంకటముని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. శేషసాయి సంచిలో అన్నీ సర్దుకున్నాడు. తనకోసం ఒక మనిషి ఇట్లా ఊరి ముందు నిలబడడం అతని జీవితంలో ఇదే మొదటిసారి.

మొదటి రోజంతా పూడికమట్టే. రెండో రోజు పదకొండింటికి జేసీబీ పళ్లకు రాయి తగిలింది. పక్కన ఇంకో రాయి, ఇంకోటి, వంపు తిరిగి. బావి గోడ. ఊరివాళ్లలో గుసగుస లేచింది. మహిత చేతులు కట్టుకుని నిలబడింది, ముఖంలో ఏమీ కనబడనీయకుండా. పదిహేను అడుగులు దిగేసరికి నీటి ఊట మొదలైంది, జేసీబీ చెయ్యి అందడం మానేసింది, అడుగు ఎక్కడుందో తెలియడం లేదు. గడియారం నాలుగు దాటింది.

"చాలు, గోడ కూలితే మనుషులు పోతారు," అన్నాడు వెంకటముని. వీఆర్వో కూడా తల ఊపాడు. ఆ మాటలో న్యాయం ఉంది. శేషసాయి గుంత అంచున నిలబడి కిందికి చూశాడు. రాతి మీద చెక్కిన వాక్యాన్ని భూతద్దం పట్టుకుని చదువుతున్న అవ్వ అతని కళ్లకు కనబడింది.

"అడుగుదాకా పోనక్కర్లేదు," అంది మహిత అతని పక్కకు వచ్చి. "ఒక మనిషి ఒంటిగా నీళ్లలో మునిగి అంత బరువు దించాలంటే ఎంత లోతు పోతాడు? చేతికందేంత. పాత బాయిల గోడలో గూళ్లు ఉంటాయి, పూడిక తీసేటప్పుడు కాలు పెట్టేదానికి. నీళ్లు నిండితే అవి మునిగిపోతాయి, పైకి కనబడవు."

శేషసాయి మోటారు దగ్గరికి పోయి, గోవిందు పంచె కట్టుకుని, పైపు కింద నిలబడి తల తడుపుకుని, తడిబట్టలతో తిరిగొచ్చాడు. నడుముకు తాడు కట్టించుకున్నాడు. "పది నిమిషాలు, వీఆర్వో గారూ," అన్నాడు. తాడు రెండో కొస మహిత పట్టుకుంది. ఆమె వెనక మరో నలుగురు పట్టుకున్నారు.

ఒక్కో రాయీ తడుముతూ దిగాడు. మొదటి గూట్లో మట్టి. రెండో గూట్లో మట్టి. మూడో గూడు మిగతా వాటికంటే వెడల్పుగా ఉంది. భుజందాకా చెయ్యి పెట్టి బురద లాగేశాడు. వేళ్లకు లోహం తగిలింది. గుండ్రంగా, చల్లగా. మూతి చుట్టూ లక్కతో మూసిన రాగి బిందె.

తాడును ఒకసారి లాగి, రెండు చేతులా బిందెను గుండెకు హత్తుకున్నాడు. పైనున్నవాళ్లు లాగారు.

బిందెను గుడి మండపంలో, అందరి ఎదుట తెరిచారు. పట్టుచీర పొడి పొడి అయిపోయి ఉంది. దాని లోపల అడుగున్నర భూదేవి, ఎడమచేతిలో కలువమొగ్గతో, పచ్చబడిన చిరునవ్వుతో. దేవాదాయశాఖ పాత రిజిస్టరులోని కొలతలు, కుడిభుజం మీది చిన్న నొక్కు, అన్నీ సరిపోయాయని వీఆర్వో చదివి వినిపించాడు. గోవిందు తలగుడ్డ తీసి నేలమీద కూలబడ్డాడు. వెంకటముని చాలాసేపు చేతులు జోడించుకునే ఉన్నాడు. ఆ తర్వాత పనివాళ్లను పిలిచి, చెక్కిన రాయిని బయటికి తీసుకుపోయి ఆ వాక్యం పూర్తిగా అరగదీయమన్నాడు. వాళ్లు తటపటాయిస్తుంటే, పూర్తిగా అని మళ్లీ చెప్పాడు.

ఆ సాయంత్రం మోటారు దగ్గర కాళ్లు కడుక్కుంటూ శేషసాయి, "రేపటితో నాకు ఈ ఊరికి రావడానికి కారణం అయిపోయింది," అన్నాడు.

"మంచిదే. పైపులు తొక్కేవాళ్లు తగ్గుతారు."

"మహితా, నేను నిన్ను ప్రేమిస్తున్నాను. ఇది చెప్పడానికి గళ్లు గీసుకోవడం చేతకాలేదు. నేరుగా చెప్తున్నాను."

ఆమె పైపు కట్టేసింది.

"మా ఇంట్లో ఆదివారం కోడికూర వండుతారు."

"ఆదివారం నేను పప్పుచారు తింటాను."

"పెళ్లయినా నేను పాయింట్లకు పోతా. తిరుపతిలో కూర్చోను."

"పూతలపట్టుకు ఆరింటి బస్సుంది. చిత్తూరు కాలేజీకి ట్రాన్స్‌ఫరు పెట్టుకుంటాను. నాకు అడిగిందే అడగడం బాగా వచ్చు."

"మీ అవ్వ ఒప్పుకోదు," అంది మహిత, ఈసారి తల వంచుకుని. అన్నిటికంటే పెద్ద భయం అదేనని ఆమె గొంతే చెప్పింది. "నువ్వు ఆమె మాట కాదని వస్తే నాకొద్దు. ఆమె ఇప్పటికే చాలా పోగొట్టుకునింది."



మర్నాడు పొద్దున తిరుపతినుంచి కారు వచ్చింది. గుడిముందు ఆగింది గానీ సుందరవల్లి దిగలేదు. యాభై ఒక్క ఏళ్ల కిందట ఆ వీధిలోనే ఏడేళ్ల కొడుకును పట్టుకుని తల దించుకుని నడిచి పోయిన మనిషి. వెంకటముని మెట్లు దిగి పోయి కారు తలుపు తానే తీశాడు. "దిగు తల్లీ, తప్పు మాది," అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు. మనవడి చెయ్యీ పట్టుకోలేదు. కర్ర ఆనించుకుని తానే దిగి, తానే మెట్లెక్కింది.

లోపల స్వామికి ఒక పక్క శ్రీదేవి, ఇంకో పక్క, కొత్త విగ్రహానికి కళ్లు తెరవకముందే తిరిగొచ్చిన పాత భూదేవి. సుందరవల్లి భూదేవిని చూస్తూ నిలబడింది. ఏడవలేదు. "ఆయన ఒక్కడే నిన్ను చూసుకున్నాడమ్మా. ఎవరికీ చెప్పకుండా పోయాడు," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లే కళ్లు తుడుచుకున్నారు.

హారతి అయింది. మొదటి మర్యాద ఎవరికని అర్చకుడు చూస్తే, వెంకటముని సుందరవల్లిని చూపించాడు. శఠారి పెట్టి, భూదేవి మెడలోని మల్లెల మాల తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని తల మీద పెట్టుకోలేదు. చేతుల్లో పట్టుకుని అందరినీ వెతుకుతున్నట్టు చూసి, "బావి చూసిన పిల్ల ఏది?" అంది.

మహిత స్తంభం వెనకనుంచి బయటికి వచ్చింది. ఈ రోజు నాయన చొక్కా లేదు, ఆకుపచ్చ పట్టులంగా ఓణీ. శేషసాయి అవ్వకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. మనవడు ఆ పిల్ల వైపు చూస్తున్న చూపు గుడిలో పూజారితో సహా అందరికీ కనబడుతోంది.

"పెళ్లి కావలసిన పిల్లకు అమ్మవారి మాల వేయడం మా ఇంటి పద్ధతి," అంది సుందరవల్లి. "వంచు తల."

మాల మెడలో పడింది. గోవిందు కంగారుగా ముందుకొచ్చాడు. "అమ్మా, మీరు తెలీక... మేము సేద్యం చేసుకునేవాళ్లం. మీ కులమేంది, గోత్రమేంది, మాకు..."

"ఈమె బిడ్డ నాగటి చాలులో దొరికింది కదా నాయనా," అంది ముసలావిడ భూదేవిని చూపిస్తూ. "పొలం దున్నేవాడింట పెరిగింది. స్వామి చేసుకునేటప్పుడు ఏ గోత్రమని అడిగాడా? నా ఇంటి పేరు నిలబెట్టిన పిల్ల ఇది. ఆ పేరు దీనికి ఇవ్వడానికి నేనెవరిని అడగాలి?"

గోవిందు ఎడమచెయ్యి ఒక్కటే నమస్కారానికి లేచింది. సుందరవల్లి తన కుడిచేతిని తెచ్చి దానికి ఆనించింది.

మహిత మెడలోని మాలను రెండు చేతులా పట్టుకుని శేషసాయి వైపు చూసింది. అతను కళ్లు తుడుచుకుంటున్నాడు, దాచుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు. ఆమె జనాన్ని దాటుకుంటూ పోయి అతని పక్కన, ఎడమవైపు, నిలబడింది.